ఒగ్గు కథ రాత్రయితే తప్పక వెళ్లండి, ‘మిక్స్’ ప్రోగ్రామైతే ఇంట్లోనే ఉండండి

హన్మకొండలో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక జానపద సంగీత క్లబ్ ఉంది. క్లబ్ అంటే పేకాట అనుకునేరు, రిటైరైన టీచర్లు, లెక్చరర్లు, ఒకరిద్దరు డాక్టర్లు చందాలేసుకుని నడుపుకునే సంఘం. పాత పెంకుటిల్లు ఒకటి అద్దెకు తీసుకున్నారు. ముందు పెద్ద వాకిలి, వాకిట్లో వేపచెట్టు, వెనక ఈమధ్య కట్టించిన ఏసీ హాలు. నెలకు రెండు మూడు ప్రోగ్రాములు పెడతారు. పేరు మాత్రం రాయను. కింద మైకుల గురించీ సన్మానాల గురించీ గట్టిగానే అనబోతున్నా, కమిటీలో సగం మంది పొద్దున పాల ప్యాకెట్ల దగ్గర ఎదురుపడే మనుషులు. మా ఊరివాళ్లకు ఎలాగూ అర్థమైపోతుంది. మిగతావాళ్లు మీ ఊళ్లో ఇలాంటి చోటికి వెళ్లేముందు ఏం చూసుకోవాలో తెలుసుకోడానికి చదవండి.

ముందే తేల్చి చెప్పేస్తా. ఇక్కడ రెండు రకాల ప్రోగ్రాములు ఉంటాయి. ఒకటి, ఒకే బృందాన్ని పిలిచి సాయంత్రమంతా వాళ్లకే వదిలేసేది. రెండోది, పోస్టరు మీద ఎనిమిది ఫోటోలు వేసి ఒక్కొక్కళ్లకు పావుగంట ఇచ్చేది, దాన్ని వీళ్లే ‘మిక్స్’ అంటారు. మొదటిదానికి టికెట్టు మామూలుగా నూట యాభై, రెండోదానికి మూడొందలు. మొదటిదానికి మూడొందలు పెట్టినా వెళ్తా, రెండోదానికి ఫ్రీ పాసిచ్చినా వెళ్లను. ఎందుకో చెప్తా.

ఒగ్గు కథ అంటే మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ లాంటి దేవుళ్ల కథలను డోళ్లు, తాళాలతో ఆడి పాడి చెప్పే మన తెలంగాణ కళ. ఆ రాత్రి నుంచే మొదలుపెడతా, ఈ క్లబ్బులో చూసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. జనగామ వైపు నుంచి వచ్చిన బృందం, ఆరుగురు. ఆ వైపు అంటేనే ఒగ్గు కథకు ఒక లెక్క ఉంటుంది, చుక్క సత్తయ్యది ఆ జిల్లా మాణిక్యాపురమే కదా. సంగీత నాటక అకాడమీ అవార్డు దాకా వెళ్లిన మనిషి, 2017లో పోయారు. ఇటు వేములవాడ దగ్గర హనుమాజీపేటలో మిద్దె రాములు. సి.నారాయణరెడ్డి గారిదీ అదే ఊరు, ఆ ఊరి నీళ్లలో ఏముందో మరి! ఆ ఇద్దరి పేర్లు తలవకుండా ఇప్పటికీ ఏ ఒగ్గు బృందమూ మాట్లాడదు. ఈ బృందం కూడా గురువులకు దండం పెట్టుకునే మొదలుపెట్టింది.

నుదుటి నిండా పసుపు బండారి, కాళ్లకు గజ్జెలు, నడుముకు బిగించిన గుడ్డ, భుజం మీద కండువా. వెనక రెండు డోళ్లు, పక్కన పెద్ద తాళాలు. స్టేజీ మీద సెట్టింగు లేదు, లైట్ల మార్పులు లేవు. ఆ రోజు చెప్పింది ఎల్లమ్మ కథ. చాలామందికి ఒగ్గు కథ అనగానే ఊరేగింపుల్లో చూసే ఒగ్గు డోలు గుర్తొస్తుంది, డోలు మీద మనిషి నిలబడటం, ఒకరి మీద ఒకరెక్కి గోపురం కట్టడం. అది చూడ్డానికి బాగుంటుంది, ప్రభుత్వ కార్యక్రమాల్లో ఎక్కువగా దాన్నే చూపిస్తారు. కథ వేరే. కొమురవెల్లి మల్లన్న దగ్గర, ఐలోని మల్లన్న దగ్గర జాతరప్పుడు పట్నాలేసి (రంగుల పొడులతో పెద్ద ముగ్గులు పెట్టి), మల్లన్నకు బలిజ మేడలమ్మతో, గొల్ల కేతమ్మతో పెళ్లి జరిపించేది ఈ ఒగ్గు పూజారులే. వీళ్లకు కథ చెప్పడం దేవుడి పనిలో భాగం. అందుకే ముందు కూచున్నవాళ్లు ఫోను చూసుకుంటున్నా వాళ్లు పట్టించుకోరు, వాళ్లు చెప్తున్నది మీ ఒక్కరికే కాదు.

ఒక సీను చెప్తా. రేణుకమ్మ, అంటే ఎల్లమ్మే, ఏటికి నీళ్లకు పోతుంది. రోజూ ఇసుకతోనే కుండ చేసి, పామును చుట్టబట్టగా తల మీద పెట్టుకుని నీళ్లు తెచ్చే పతివ్రత. కథకుడికి అరవై ఏళ్లుంటాయి, పెద్ద మీసాలు. భుజం మీది కండువా తీసి రెండు మెలికలు తిప్పి తల మీద పెట్టుకున్నాడు, అంతే, అది పాము. లేని కుండను రెండు చేతుల్తో ఎత్తి దాని మీద పెట్టుకున్నాడు. నడక మారిపోయింది. మెడ కదలట్లేదు, నడుము మాత్రమే కదులుతోంది, గజ్జెలు సగం చప్పుడే చేస్తున్నాయి. ఇంత పెద్ద మీసాల మనిషి ఆడమనిషి కాదని హాల్లో ఒక్కరికైనా అనిపించిందా అంటే నాకు డౌటే. నీళ్లలో గంధర్వుడి నీడ కనిపించింది, చూపు అక్కడ ఒక్క క్షణం ఆగింది. డోలు అంతసేపూ సన్నగా నడుస్తోంది కదా, ఆ క్షణంలో ఒకే ఒక్క దెబ్బ, తర్వాత ఏమీ లేదు. కండువా జారి భుజం మీద పడింది. అప్పుడు పక్కనున్న వంత, అంటే కథకుడికి తోడుగా మాట కలిపే మనిషి, చాలా మామూలుగా, “గప్పుడేమాయె?” అన్నాడు. అందరికీ తెలుసు ఏమైందో, ఎల్లమ్మ కథ తెలియని తెలంగాణ మనిషి ఎవరు? అయినా మా వెనక వరసలో ఒకాయన “అయ్యో” అని పైకే అన్నాడు.

ఆ వంత సంగతి విడిగా చెప్పాలి, కొత్తవాళ్లు చూపంతా ప్రధాన కథకుడి మీదే పెట్టి ఇతన్ని వదిలేస్తారు. ఊ కొట్టడం, అడగడం, అనుమానం చెప్పడం, వెక్కిరించడం అన్నీ అతనే. మన బదులు మాట్లాడేది అతనే. ఇంకో రాత్రి బీరప్ప, కామరాతిల పెళ్లి కథ పెట్టినప్పుడు, పెళ్లివారు బయలుదేరారని కథకుడు గొప్పగా వర్ణిస్తుంటే వంత ఆపి, “నక్కలగుట్ట మీంచి పోతే ట్రాఫిక్ల ఇరుక్కుంటరే, చౌరస్తా దిక్కెల్లి తోలు” అన్నాడు. కథకుడు కూడా తడుముకోకుండా పెళ్లి గుర్రాన్ని వెనక్కి తిప్పేసి, దారిలో బట్టల దుకాణాలన్నీ లెక్కపెట్టుకుంటూ ఓ పది నిమిషాలు నడిపించాడు. ఇదంతా ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆ సాయంత్రం ఊళ్లోకి వస్తూ చూసిందంతా కథలో కలిపేశారు. పిల్లలు నేల మీద పడి నవ్వారు. యూట్యూబ్‌లో ఎన్ని వీడియోలు చూసినా ఇది దొరకదు, ఎందుకంటే అందులో ఉన్నది వేరే ఊరి చౌరస్తా.

ఇక తిట్లు. అంత మంచి బృందాన్ని పిలిచి, సాయంత్రం ఆరున్నరకు రమ్మని టికెట్టు మీద అచ్చేసి, కథ మొదలైంది ఎనిమిదికి. మధ్యలో ఏం జరిగింది? జ్యోతి ప్రజ్వలన. ముఖ్య అతిథి ఆలస్యం. వచ్చాక ఆయన ప్రసంగం, అందులో జానపద కళలు అంతరించిపోతున్నాయని ఇరవై నిమిషాల బాధ. అంతరించిపోని కళాకారులు ఆరుగురు అక్కడే కాళ్లకు గజ్జెలు కట్టుకుని గోడవార నిలబడి ఉన్నారు, వాళ్లను కూచోమన్నవాడు లేడు. తర్వాత శాలువాలు. కమిటీ వాళ్లు అతిథికి, అతిథి కమిటీ వాళ్లకు, స్పాన్సర్‌కు, స్పాన్సర్ గారి నాన్నగారికి. కళాకారులకు కూడా కప్పారులెండి, ఆఖర్న, ఫోటో కోసం. ఆ శాలువా కప్పుకుని డోలు ఎలా కొడతారో ఎవరూ ఆలోచించలేదు, డోలు కొట్టే కుర్రాడు దాన్ని మడిచి కూచోడానికి వేసుకున్నాడు, సరైన పనే చేశాడు.

రెండో తిట్టు మైకులకు. మన దగ్గర మైక్ సెట్ అబ్బాయిలకు జానపదం అనగానే ఎకో పెట్టాలని ఎవరు నేర్పారో తెలియదు. కథకుడు ఒక మాటంటే అది మూడుసార్లు గోడలకు కొట్టుకుని వస్తుంది, ఈలోపు ఆయన నాలుగో మాట చెప్పేసి ఉంటాడు. పాటకైతే ఎలాగోలా సర్దుకుంటాం, కథలో మాట వినపడకపోతే ఇంకేముంది? పైగా డోళ్ల ముందు రెండు మైకులు. ఒగ్గు డోలు అసలు ఊరి బయట ఉన్నవాడిని కూడా ఇటు లాక్కొచ్చే వాద్యం, రెండొందల మంది పట్టే హాల్లో దానికి మైకెందుకండీ? వంతకేమో మైకు లేదు. ఆయన అడిగేవన్నీ మాకు వినపడక, కథకుడు ఎవరికో జవాబులు చెప్తున్నట్టు ఉంది కాసేపు. బ్రేకులో నేనూ ఇంకో ఇద్దరమూ పోయి డోలు మైకు ఒకటి తీసి వంతకు పెట్టించి ఎకో తగ్గించమని బతిమాలితే, ఆ అబ్బాయి “పైసలిచ్చినాయన చెప్తే తీస్తా సార్” అన్నాడు. చివరికి తీశాడు. ఆ తర్వాత గంటన్నర ఎంత హాయిగా వినపడిందో!

ఈ మైకు గోలకు అసలు మందు వాకిలి. వేపచెట్టు కింద జంపఖానాలు పరిచి, కట్టె కుర్చీలు వెనక వేసి పెట్టిన ప్రోగ్రాములు అన్నీ బాగున్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు. హాల్లో పెట్టినవాటిలో సగమే బాగున్నాయి. దీనికి కారణం కేవలం గాలీ వెన్నెలా అనుకోకండి. చర్మవాద్యాలకు ఏసీ పడదు. డప్పు సంగతి తీసుకోండి. మేక తోలు, వేప కర్రతో చేసిన గుండ్రటి చట్రం. కొట్టే ముందు మంట దగ్గర కాచాలి, తోలు బిగిస్తేనే ఆ కంగుమనే శబ్దం. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల, రెండూ పడే చోట్లు వేరు, తోలు వదులైతే రెండూ ఒకేలా బొదబొదమంటాయి. ఏసీ హాల్లో మంట పెట్టనివ్వరు, అది సరే. కాబట్టి డప్పు దళం వాళ్లు వెనక పార్కింగులో అట్టపెట్టెలు, పాత పేపర్లు అంటించి కాచుకుని పరిగెత్తుకుంటూ స్టేజీ ఎక్కారు. పది నిమిషాలకే ఆ చల్లదనానికి శబ్దం దిగిపోయింది. మళ్లీ ఇద్దరు బయటికి, ఇద్దరు స్టేజీ మీద, అలా వంతులవారీగా. నేను బయటికెళ్లి చూస్తే ఒక పెద్దాయన మంట మీద డప్పు తిప్పుతూ వేలితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. “ఏం పెద్దయ్యా, ప్లాస్టిక్‌వి వచ్చినయి గదా, కాచే పని లేదంట” అన్నా. “వచ్చినయి బిడ్డా. అవి ఎండకూ వానకూ ఒక్కతీరే మొత్తుకుంటయి. దీనికి కాక పెడ్తె మాట్లాడతది” అన్నాడు. మళ్లీ తట్టి చూసుకుని లోపలికి పోయాడు.

డప్పు వాళ్లను హాల్లో పెట్టడం కమిటీ చేసిన పొరపాటే, ముందే చెప్పినా వినలేదట. వర్షాకాలమైతే అర్థం చేసుకోవచ్చు. ఫిబ్రవరిలో వాకిలి ఖాళీగా పెట్టుకుని హాల్లో ఎందుకంటే, “స్పాన్సర్ గారి బ్యానర్ హాల్లోనే బాగా కనిపిస్తుంది” అన్నారు.

బుర్రకథ రాత్రి గురించి కొంచెం. గుంటూరు వైపు నుంచి ముగ్గురు ఆడవాళ్ల బృందం వచ్చింది. మాకు ఇక్కడ ఒగ్గు కథ, తంబుర మీటుతూ చెప్పే శారద కథలే అలవాటు, కోస్తా బుర్రకథ ఎవరు వింటారు అని కమిటీలో ఒకాయన అడ్డం తిరిగాడని విన్నా. హాలు నిండిపోయింది. పెద్దవాళ్లకు కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి రోజులు గుర్తున్నాయి, షేక్ నాజర్ పేరు చెప్పగానే ముందు వరసలో ఒక తాతగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పొన్నెకల్లులో పుట్టి, బుర్రకథను ఊరూరా రాజకీయ వేదిక చేసి, 1986లో పద్మశ్రీ దాకా వెళ్లిన మనిషి నాజర్. ఈ ముగ్గురూ ఆయన బాణీ అనే చెప్పుకున్నారు. మధ్యలో కథకురాలు భుజాన తంబురా, బొటనవేలికి అందె అనే గుల్ల ఉంగరం, అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకుని ఇద్దరు వంతలు, ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం.

కథ అల్లూరి సీతారామరాజుది. నాకు గుర్తుండిపోయింది 1922 ఆగస్టులో పోలీసు స్టేషన్ల మీద దాడి ఘట్టం. వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఒక్కో స్టేషన్ పేరు చెప్పేటప్పుడు ఆమె మూడడుగులు ముందుకు వేసి, అందె తంబురా మీద టక్కున కొట్టి, మూడడుగులు వెనక్కి. పక్కవాళ్లు తందాన అందుకుంటారు. చింతపల్లికి మెల్లగా, కృష్ణదేవిపేటకు కాస్త వేగం, రాజవొమ్మంగికి వచ్చేసరికి గుమ్మెటలు, గజ్జెలు, గొంతులు అన్నీ ఒకేసారి. స్కూల్లో తారీఖులుగా బట్టీ పట్టిన సంగతి ఇది. అక్కడ విన్నాక ఆ మూడు ఊళ్ల వరస ఇక ఈ జన్మలో మర్చిపోలేను. హాస్యం వంత ఆవిడైతే ప్రతి యుద్ధానికీ మధ్యలో దూరి గ్యాస్ సిలిండర్ ధర అడుగుతుంది, రాజకీయం వంత ఆవిడ ఆ ధరను పట్టుకుని తెల్లదొర పన్నుల దగ్గరికి తీసుకుపోతుంది, కథ మళ్లీ మన్యంలోకి వస్తుంది. ఈ కుట్టు ఎక్కడా ఊడలేదు. ఒక్కటే లోటు, రెండున్నర గంటల కథను గంటంబావులో ముగించమన్నారట. రాజు చివరి రోజులు నాలుగు వాక్యాల్లో అయిపోయాయి. ఆమె మొహంలోనే తెలిసింది ఆ తొందర.

కిన్నెర సాయంత్రానికి నలభై మంది కూడా రాలేదు. పోనివ్వండి, కిన్నెరకు అంతకన్నా ఎక్కువ మంది పట్టరు కూడా. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర అనే మాట అందరికీ తెలిసింది. దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. వెదురు దండి, దానికింద సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టడానికి మైనం. ఆ రోజు వచ్చిన కళాకారుడు పాలమూరు వైపు మనిషి, పండుగ సాయన్న కథ పాడాడు, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన మనిషిగా ఆ వైపు ఇప్పటికీ పాడుకుంటారు. మైకు పెట్టబోతే ఆయనే వద్దన్నాడు. “దగ్గరికి జరగండ్రి, ఇది గుసగుస చెప్పే వాద్యం” అన్నాడు. అందరం జంపఖానా మీద మోకాళ్లు తగిలేంత దగ్గరికి జరిగాం. కిన్నెర గొంతు, ఆయన గొంతు ఒకదాని వెనక ఒకటి పోతాయి, ఒక్కోచోట ఏది ఏదో తెలీదు. అయిపోయాక పిల్లలకు కిన్నెర పట్టుకోనిచ్చాడు, ఒక పాప మెట్టు నొక్కి కదిపేస్తే ఏమీ అనకుండా బొటనవేలితో మైనం వత్తి మళ్లీ నిలబెట్టాడు. టికెట్టు వంద. ఈ ఊళ్లో వంద రూపాయలకు ఇంతకన్నా మంచి సాయంత్రం ఇంకోటి చూపించండి.

నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది కదా, బుర్రవీణకు. ఆ వాద్యం కూడా ఒక సాయంత్రం పెట్టండని కమిటీ వాళ్లను అడుగుతున్నాం. చూద్దాం అంటున్నారు. చూద్దాం అంటే మా కమిటీ భాషలో స్పాన్సర్ దొరికితే అని.

ఇక ‘మిక్స్’ గురించి. ఒక ఆదివారం సాయంత్రం శారద కథ పావుగంట, డప్పు పది నిమిషాలు, కోలాటం పది నిమిషాలు, తర్వాత ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ ఇచ్చి ట్రాక్ మీద పాట, తర్వాత ఇంకో ట్రాక్, తర్వాత ఇంకోటి. ట్రాక్ పాటల మీద నాకు కోపం లేదు. యూట్యూబ్ జానపదం పుణ్యాన ఎంతమంది పిల్లలు పాడి నాలుగు డబ్బులు చూస్తున్నారో నాకు తెలుసు, పెళ్లి బరాతులో ఆ పాటలకు నేనూ ఎగిరాను. కానీ దాన్ని లైవ్ అని టికెట్టు అమ్మడం ఏంటి? సర్వాయి పాపన్న 1708లో వరంగల్ కోట మీద పడిన కథను, వరంగల్ వాళ్ల ముందు, చెప్పడానికి శారద కళాకారుడు రెడీగా ఉంటే, ఆయన కోట గుమ్మం దాకా రాగానే యాంకరమ్మ వచ్చి “సమయాభావం వల్ల” అంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా! హాల్లోంచి “చెప్పనియ్యండి మేడం” అని అరిచాం కూడా. ఆయనే నమస్కారం పెట్టి దిగిపోయాడు, తంబుర భుజాన వేసుకుని. బయట టీ దగ్గర మిగతా కథ చెప్పమని పట్టుకున్నాం, చెప్పాడు, పది పదిహేను మందిమి నిలబడి విన్నాం. లోపల ట్రాక్ పాట బయటిదాకా వినపడుతూనే ఉంది.

కథ అన్నది పావుగంటలో పట్టేది కాదు. ఒగ్గు కథైనా శారద కథైనా మొదటి అరగంట పొయ్యి రాజేయడమే, అసలు వంట తర్వాత మొదలవుతుంది. రాత్రంతా, ఒక్కోసారి రోజుల తరబడి చెప్పే కథలు ఇవి, మనం మూడు గంటలకు కుదించుకోవడమే ఎక్కువ. దాన్ని కూడా ముక్కలు చేసి ‘ఒక శాంపిల్’ అంటే ఆ కళాకారులను అవమానించడమే.

డబ్బుల విషయం కూడా ఒకటి ఉంది. పల్లెల్లో కథ మధ్యలో చదివింపులు ఉంటాయి, ఎవరో నూట పదహార్లు ఇస్తారు, కథకుడు ఆ పేరును రాగంలో పెట్టి దీవించి మళ్లీ కథలోకి పోతాడు. అదొక ముచ్చట. ఇక్కడ ‘డిస్టర్బెన్స్’ అని దాన్ని ఆపేసి, స్టేజీ మెట్ల దగ్గర బృందం పేరుతో స్కానర్ పెట్టారు. మంచిదే, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలో పడుతుంది, ఈ పద్ధతికి కమిటీని మెచ్చుకోవాలి. కానీ దాంతోపాటు డబ్బులు పడగానే పైకి చెప్పే ఆ చిన్న డబ్బా కూడా పెట్టారు. పరశురాముడు గొడ్డలెత్తి తల్లి వెంట పడుతుంటే, హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటే, మెట్ల దగ్గర్నుంచి ఒక ఆడ గొంతు “రెండు వందల రూపాయలు అందాయి” అంది. కథకుడు ఏమాత్రం తడబడకుండా, “అమ్మా ఎల్లమ్మా, నీ ప్రాణానికి ఎవరో రెండొందలు కట్టిండ్రే” అన్నాడు. చప్పట్లే చప్పట్లు. ఆ తర్వాత ఇంకో ఇరవై మంది స్కాన్ చేశారు, డబ్బా మాత్రం సౌండు తగ్గించేశారు.

మిగతా చిన్న చిన్న విషయాలు. టీ బాగుంటుంది. సర్వపిండి ఆరున్నరకే వెళ్తే వేడిగా దొరుకుతుంది, ఏడు దాటితే అయిపోతుంది, కథ ఎలాగూ ఎనిమిదికి గానీ మొదలవదు కాబట్టి తినడానికి టైముంటుంది. మిర్చి బజ్జీ జోలికి పోకండి, నూనె బాగా మరిగింది వాడుతున్నారు. పార్కింగు టూవీలర్లకు సరే, కారైతే మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడిచి రండి. ఆడవాళ్ల టాయిలెట్ శుభ్రంగానే ఉందని మా ఆవిడ రిపోర్టు, మగవాళ్లది అడక్కండి. పెద్దవాళ్లకు కుర్చీలున్నాయి గానీ చూడ్డానికి మంచి చోటు జంపఖానా మీద, స్టేజీకి ఎడమవైపు. ఎందుకంటే వంత ఎక్కువగా అటే నిలబడతాడు, మైకు లేకపోయినా ఆయన మాటలు వినపడతాయి. స్పీకర్ల ముందు కూచుంటే మీ చెవులకు ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. పిల్లలను తీసుకెళ్లండి, కాకపోతే ఎల్లమ్మ కథకు మరీ చిన్నవాళ్లు వద్దు, తల నరికే ఘట్టానికి మా తమ్ముడి కొడుకు రాత్రంతా లేచి కూచున్నాడు. బీరప్ప పెళ్లి కథైతే ఎంత చిన్నవాళ్లయినా పర్వాలేదు.

ఫోన్లో బుక్ చేసేముందు ఒక్కటే అడగండి: “ఆ రోజు ఎన్ని బృందాలు?” ఒకటి అంటే రెండు టికెట్లు తీసుకోండి. ఐదారు అంటే థాంక్యూ చెప్పి పెట్టేయండి. రెండో ప్రశ్న, “వాకిట్లోనా, హాల్లోనా?” వాకిట్లో అంటే ఇంటిల్లిపాదికీ తీసుకోండి.

ఇప్పుడు ఊళ్లో కాళోజీ కళాక్షేత్రం కూడా ఉంది, 2024 నవంబరులో తెరిచారు, అంత పెద్ద కళాక్షేత్రం మా ఊరికి రావడం సంతోషమే. కొందరు కమిటీ వాళ్లు మన ప్రోగ్రాములు కూడా అక్కడికి మార్చేద్దాం, ‘లెవెల్’ పెరుగుతుంది అంటున్నారట. నాటకానికి, పెద్ద డ్యాన్స్ ప్రోగ్రాముకు వెళ్లండి, ఎవరు కాదన్నారు. కిన్నెరను అంత పెద్ద హాల్లో పెడితే ముందు వరస తప్ప ఎవరికి వినపడుతుంది? వేపచెట్టు వదిలి వెళ్లకండి బాబూ.

రేటింగ్ అంటారా, ఒకే బృందం ఉన్న రాత్రులకు ఐదుకు నాలుగున్నర, అర మార్కు శాలువాలకు కోత. మిక్స్‌కు ఒకటి, అదీ బయట టీ దగ్గర విన్న పాపన్న కథకు. గేటు దగ్గర సలహాల పుస్తకం పెట్టారు, సన్మానాలన్నీ కథ అయిపోయాక పెట్టండని అందులో రాశాను. మొన్న వెళ్లి చూస్తే దాని కింద ఎవరో ఎర్ర సిరాతో “అప్పటిదాకా అతిథులు ఆగరు” అని రాసి సంతకం పెట్టారు, దాని కింద ఇంకెవరో “ఆగకపోతే ఏమైతది?” అని రాశారు. సెక్రటరీ గారు ఇంకా జవాబు రాయలేదు.